ప్రెస్ అవుట్ అనుకున్నది సగమే ప్రెస్ అవుట్: ఒక లిఫ్టర్ మోచేతి కేసు

ఈ కేసులోని అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, బరువు తరగతి, పోటీల పేర్లు తీసేశాను. కిలోల అంకెలు కాస్త అటూ ఇటూ మార్చాను. మిగతాదంతా జరిగినట్టే ఉంది. జెర్క్‌లో, అంటే భుజాల మీది బరువును తల మీదకు లేపేటప్పుడు, మోచేతులు పూర్తిగా సాగని పిల్లలు ప్రతి శిక్షణ కేంద్రంలోనూ కనిపిస్తారు. వాళ్లకు మనం రాసిచ్చే మందు కూడా దాదాపు ఒకటే: చేతులకు బలం పెంచు. ఆ మందు ఎక్కడ వికటిస్తుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది.

నేపథ్యం

ఉత్తరాంధ్రలో వెయిట్‌లిఫ్టింగ్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్ (నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదకు) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదకు, అక్కడి నుంచి తల మీదకు) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచారు. అందుకే ఇక్కడ టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా స్నాచ్ ఎక్కడ తప్పిందో చెప్పగలరు. దీనివల్ల మేలు ఎంతో, చిక్కూ అంతే. పిల్ల ఒక లిఫ్ట్ పోగొట్టుకుంటే సాయంత్రానికి ఊరంతా కారణం తేల్చేస్తుంది. ఈ అమ్మాయి విషయంలో ఊరు తేల్చిన కారణం "చేతుల్లో బలం లేదు" అని.

నా దగ్గరకు వచ్చేటప్పటికి ఆమెకు 18 ఏళ్లు. బడిలో ఉన్నప్పటి నుంచే బార్ ఎత్తుతోంది. ఫ్రంట్ స్క్వాట్ (బార్ భుజాల ముందు పెట్టుకుని కూర్చుని లేవడం) 105 కిలోలు, క్లీన్ (నేల నుంచి భుజాల మీదకు) 95, స్టాండ్ మీద నుంచి తీసుకుని చేసే జెర్క్ 92, శిక్షణలో క్లీన్ అండ్ జెర్క్ 90. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రంట్ స్క్వాట్‌లో తొంభై శాతం బరువును క్లీన్ చేస్తోందంటే కాళ్లూ సరిగ్గానే ఉన్నాయి, నేల మీద నుంచి లాగే పద్ధతీ సరిగ్గానే ఉంది. బరువు భుజాల మీదకు వచ్చాక ఏదో జరుగుతోంది.

సమస్య

పోటీలో ముగ్గురు రిఫరీల్లో కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్ట్ పాస్, లేకపోతే నో లిఫ్ట్. ఒక పోటీలో 84తో మొదలుపెట్టింది. రెండుసార్లు ఎర్ర లైట్లు, మూడోసారి రెండు తెల్ల లైట్లతో బయటపడింది. ఆ తర్వాతి పోటీలో అదే 84, మూడుసార్లూ నో లిఫ్ట్. అదే లిఫ్టర్ వెంటనే మళ్లీ ఎత్తాల్సి వస్తే గడియారం ఇచ్చేది రెండు నిమిషాలు. ఆ కాస్త విరామంతో మూడు బరువైన క్లీన్‌లు చేస్తే మూడో జెర్క్‌కు కాళ్లలో ఏం మిగులుతుందో చేసినవాళ్లకు తెలుసు. పైగా క్లీన్ అండ్ జెర్క్‌లో మూడూ పోతే స్నాచ్‌లో ఎంత ఎత్తినా టోటల్ (రెండు లిఫ్టుల మొత్తం) ఉండదు. 2016 రియోలో మీరాబాయి చాను అంతటి లిఫ్టర్‌కూ అదే జరిగింది. ఆవిడ అయిదేళ్లకు టోక్యోలో 202 కిలోలతో రజతం తెచ్చారు కాబట్టి ఇప్పుడు ఆ సంగతి తేలిగ్గా చెప్పుకుంటున్నాం. టోటల్ లేకుండా ఇంటికి వచ్చిన పిల్లకు ఆ కథ చెబితే ఆ రాత్రికి ఊరట కలగదు.

ఎర్ర లైట్లకు అధికారులు చెప్పిన కారణం ప్రెస్ అవుట్. స్ప్లిట్‌లో (ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి) గానీ స్క్వాట్‌లో గానీ శరీరం అట్టడుగు స్థానానికి చేరిన తర్వాత కూడా చేతులు బార్‌ను పైకి తోస్తూ ఉంటే అది ప్రెస్ అవుట్. బరువును కాళ్లతో పైకి పంపి, కింద దూరి, తాళం వేసినట్టు మోచేతులు బిగించి అందుకోవాలి. ఈ గీత దగ్గర తగువు పాతదే. ఒలింపిక్స్‌లో 1972 దాకా ప్రెస్ అనే మూడో లిఫ్ట్ కూడా ఉండేది, భుజాల మీది బరువును చేతులతోనే పైకి తోయడం. అందులో ఏది సక్రమం, ఏది కాదు అన్నది తేల్చడం కష్టమై మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు. ప్రెస్ పోయినా, ప్రెస్ చేసే అలవాటు మీద రిఫరీల అనుమానం మాత్రం పోలేదు.

మొదట చేసినవి

మొదటి నిర్ణయం ఊరి నిర్ణయానికి దగ్గరగానే ఉంది. అందుకు కారణం లేకపోలేదు. ఆమె నిలబడి చేసే భుజాల ప్రెస్ 38 కిలోలు. 90 జెర్క్ చేసే అమ్మాయికి అది తక్కువ. తల మీద బరువు వణుకుతోంది, స్ప్లిట్‌లో ముందు కాలు నిలిచాక కూడా మోచేతులు సాగుతున్నాయి. కాబట్టి కొన్ని వారాల పాటు భుజాల ప్రెస్, పుష్ ప్రెస్, ట్రైసెప్స్ వ్యాయామాలు పెంచాం. ప్రెస్ 38 నుంచి 44కు వెళ్లింది. పేపరు మీద చూస్తే ముచ్చటైన ఎదుగుదల.

జెర్క్ మాత్రం చెడింది. అంతకుముందు 85 దాటాక కనిపించే తోపుడు ఇప్పుడు 82 దగ్గరే కనిపించసాగింది. కొంచెం ఆలోచిస్తే ఇందులో వింత లేదు. చేతుల్లో తోసే బలం వచ్చింది, ఆ బలాన్ని శరీరం వాడుకుంది. పుష్ ప్రెస్‌లో కాళ్లతో మొదలుపెట్టి చేతులతో ముగిస్తాం. ఆ లయ జెర్క్‌లోకి జారింది. కాళ్లు పని పూర్తి చేయకముందే చేతులు అందుకోవడం మొదలైంది.

రెండో నిర్ణయం, మొదటి ప్రయత్నం బరువు తగ్గించడం. 84 బదులు 78తో మొదలుపెడితే టోటల్ దక్కుతుంది, ధైర్యమూ వస్తుంది. ఒక చిన్న పోటీలో అలాగే చేశాం. 78 పాసయింది, రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఆ ఒక్క ఎర్ర లైటు నచ్చలేదు. 78 ఆమెకు వార్మప్ బరువు. ఆ వీడియోలో స్ప్లిట్‌లో దిగాక చేతులు అణువంత కూడా కదలలేదు. కదలని చేతికి ఎర్ర లైటు ఎందుకు?

పాత వీడియోలు తీసి, లైట్ల బోర్డు కనిపించిన ప్రతి లిఫ్ట్‌నూ మళ్లీ చూశాను. రెండు తెల్లవి, ఒకటి ఎర్రది వచ్చిన చోటల్లా విడిగా నిలిచిన ఎర్ర లైటు ఒకే వైపుది. ఆమె ఎడమ చేతి పక్క కూర్చున్న రిఫరీది. పోటీలు వేరు, రిఫరీలు వేరు, కుర్చీ మాత్రం అదే. రిఫరీల కక్ష గురించి మన శిక్షణ కేంద్రాల్లో కథలకు లోటు లేదు. కానీ ఒకరికొకరు పరిచయం కూడా లేని మనుషులు ఒకే కుర్చీలోంచి ఒకే తప్పు చూస్తున్నారంటే, ఆ కుర్చీలోంచి ఏదో కనిపిస్తోందని అర్థం.

మోచేయి

మర్నాడు ఆమెను చొక్కా చేతులు మడిచి, 15 కిలోల ఖాళీ బార్ తల మీద పెట్టుకుని నిలబడమన్నాను. ఎదురుగా చూస్తే పెద్దగా తేడా లేదు. ఎడమ పక్కకు వెళ్లి చూస్తే తెలిసింది. కుడి మోచేయి పూర్తిగా సాగి, ఇంకొంచెం వెనక్కి కూడా వంగుతోంది. ఆడపిల్లల్లో ఇది మామూలే. ఎడమ మోచేయి సాగాల్సినంత సాగక ముందే ఆగిపోతోంది. ఫిజియోథెరపిస్టు గోనియోమీటర్ (కీళ్ల కోణం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే ఎడమది తిన్నని గీతకు 12 డిగ్రీల లోటు, కుడిది 8 డిగ్రీలు ఎక్కువ. రెండు చేతుల మధ్య తేడా 20 డిగ్రీలు. కుడి చేయి మామూలుగా ఉండి ఉంటే ఎడమ లోటు అంతగా కంటికి ఆనేది కాదు. పక్కన అతిగా సాగే చేయి ఉండటం వల్ల వంపు రెట్టింపుగా కనిపిస్తోంది.

తల్లికి ఫోను చేశాను.

"చిన్నప్పుడు చేతికి దెబ్బేమైనా తగిలిందా అమ్మా?"

"రెండో తరగతిలో చెట్టు మీద నుంచి పడింది సార్. కట్టు కట్టించాం. తగ్గిపోయింది కదా అని మేమూ మరిచిపోయాం."

ఎముకల డాక్టర్‌ను కలిశాం. ఎక్స్-రేలో అప్పుడు విరిగిన ఎముక అతుక్కున్న తీరు కనిపించింది. ఆయన మాట క్లుప్తంగా ఇది: ఎముకే అడ్డం ఉంది, సాగదీస్తే సాగదు, నొప్పి లేదు కాబట్టి ఎత్తడానికి అభ్యంతరం లేదు, నొప్పి గానీ వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే వెంటనే రండి. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో నూనె రాసి చేతిని లాగడం మాన్పించాను. వాళ్ల నాన్న ప్రేమతోనే చేస్తున్నారు, కానీ ఎముక అడ్డం ఉన్న కీలును రోజూ లాగితే వాపు తప్ప వచ్చేదేమీ లేదు.

నియమాల్లో దీనికి దారి ఉంది. శరీర నిర్మాణం వల్ల మోచేయి పూర్తిగా సాగని లిఫ్టర్ ఆ సంగతి ముందుగా అధికారులకు తెలియజేయాలి, లిఫ్ట్ మొదలుపెట్టేముందు మోచేతిని చూపించాలి. అలా చేస్తే ఆ వంపును తప్పుగా లెక్కించరు. ఇక్కడితో కేసు ముగిసిందని అనుకోవడం ఎంత సులభమో చూడండి. డాక్టర్ చీటీ పట్టుకెళ్తే సరి. అమ్మాయి అన్నదీ అదే: "నా తప్పేం లేదన్నమాట సార్."

తప్పు సగం ఉంది. ఫోనులో స్లో మోషన్ పెట్టి 70, 78, 84, 88 కిలోల జెర్క్‌లు ఎడమ పక్క నుంచి తీశాను. చూడాల్సింది ఒక్కటే: ముందు పాదం నేలను తాకిన ఫ్రేమ్‌లో మోచేయి ఎంత కోణంలో ఉంది, ఆ తర్వాత కదిలిందా. 70లో, 78లో పాదం తాకేసరికే ఎడమ మోచేయి తన హద్దుకు చేరి అక్కడే ఆగింది. అది ఎముక లోటు, అందులో ఆమె చేసిన తప్పేమీ లేదు. 84లో పాదం తాకాక రెండు మోచేతులూ ఇంకా సాగాయి. 88లో ఇంకా ఎక్కువ. పుట్టెడు సానుభూతి ఉన్నా దాన్ని ప్రెస్ అవుట్ అనక తప్పదు. ఎర్ర లైటు ఒకటే, వెనక ఉన్న కారణాలు రెండు. తేలిక బరువులో ఒకటి, బరువు పెరిగాక రెండోది కూడా వచ్చి చేరుతోంది.

చీటీతో వెంటనే పోటీకి వెళ్లకూడదని అప్పుడే తేల్చుకున్నాను. మోచేయి చూపించి, ఆ తర్వాత అందరి ముందూ తోస్తే, "మోచేయి సాకు చెప్పి ప్రెస్ చేస్తోంది" అన్న ముద్ర పడుతుంది. రాష్ట్రంలో రిఫరీలు ఎంతమందో ఉండరు, ఆ ముద్ర ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మొదట లిఫ్ట్ బాగుపడాలి, చీటీ తర్వాత. ఆ సీజన్‌లో దగ్గర్లో ఉన్న పోటీ వదిలేశాం. ఇంట్లో ఒప్పించడం సులువు కాలేదు. సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ కోటా సీటు ఆశలు ఉంటాయి, వాటిని తీసిపారేసే హక్కు కోచ్‌కు లేదు. ఏ పోటీ కోటాకు పనికొస్తుందో, ఏది రాదో కూర్చుని చూసి, పనికిరానిదాన్నే వదిలాం.

డిప్‌లోనే ఉంది చిక్కు

తోపుడు ఎందుకు వస్తోంది? కారణం చేతుల కంటే ముందే, బార్ భుజాల మీద ఉన్నప్పుడే మొదలవుతోంది. గోడకు నిలువుగా టేపు అంటించి, పక్క నుంచి వీడియో తీస్తే డిప్‌లో, అంటే జెర్క్‌కు ముందు మోకాళ్లు కాస్త వంచి దిగేటప్పుడు, బార్ టేపు గీత దాటి ముందుకు జారుతోంది. మడమలు తేలుతున్నాయి. ముందుకు జారిన బరువును కాళ్లు నిటారుగా పైకి పంపలేవు. ఎత్తు చాలదు, కిందకు దూరేసరికి బార్ తలకు ముందు ఉంటుంది, చేతులు తోయక తప్పదు.

బార్ ముందుకు ఎందుకు జారుతోందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబూ ఆ మోచేతిలోనే దొరికింది. ఎడమ చేయి సాగడంలోనే కాదు, ముడుచుకోవడంలోనూ కొంచెం లోటు ఉంది. క్లీన్ అందుకున్నాక కుడి మోచేయి చక్కగా పైకి లేస్తోంది, ఎడమది కిందకే ఉండిపోతోంది. దాంతో ఎడమ వైపు బార్ భుజం మీద కూర్చోకుండా అరచేతిలో నిలుస్తోంది. చేత్తో మోస్తున్న బరువును చేత్తోనే తోయాలనిపించడం సహజం. డిప్ దిగుతుండగానే ఎడమ చేయి పని మొదలుపెడుతోంది.

ఇక్కడ ఒక పక్కదారి కూడా పట్టి చూశాం. స్ప్లిట్ మానేసి, పాదాలు పక్కకు వేసే పవర్ జెర్క్‌కు మారితే ఎలా ఉంటుందని. పద్ధతి మారితే పాత అలవాటు పోతుందని ఆశ. ఫలించలేదు. పవర్ జెర్క్‌లో అంత లోతుకు దిగం, బార్ ఇంకా ఎత్తుకు వెళ్లాలి. అసలు ఎత్తు చాలకనే కదా తోస్తోంది. పైగా ముందూ వెనకా ఆసరా లేక, రెండు మోచేతుల తేడా వల్ల బార్ మెలిక తిరగసాగింది. త్వరగానే వదిలేశాం.

పనిచేసిన మార్పు చూడటానికి చాలా చిన్నది. క్లీన్ నుంచి లేచాక, జెర్క్‌కు ముందు, బార్‌ను భుజాల మీద చిన్నగా ఎగరేసి రెండు చేతులూ ఒక్కో వేలి వెడల్పు బయటకు జరపడం, వేళ్ల బిగువు వదలడం. పట్టు వెడల్పయితే మోచేయి అంతగా ముడవనక్కర్లేదు, బార్ ఎడమ భుజం మీద కూడా కూర్చుంటుంది. ఎడమ చేయి ఒక్కటే జరపాలని అమ్మాయికి అనిపించింది. వద్దన్నాను. పట్టు రెండు వైపులా సమానంగా లేకపోతే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, వెన్ను మీద పడుతుంది.

దీనితో పాటు భుజాల ప్రెస్, పుష్ ప్రెస్ పూర్తిగా ఆపేశాం. వాటి స్థానంలో స్ప్లిట్ భంగిమలోనే స్టాండ్ మీద నుంచి బరువు లేపి, చేతులు బిగించి నిలబడటం. తోసే బలం వద్దు, మోసే బలం కావాలి. డిప్‌లో అడుగున ఒక క్షణం ఆగి, మడమలు నేలను తాకి ఉన్నాయని పాదాలతోనే చూసుకుని, అప్పుడు పైకి డ్రైవ్ చేయడం. ఇవన్నీ మామూలు వ్యాయామాలే, ఏ కోచ్‌కైనా తెలిసినవే. నిజంగా మార్పు తెచ్చింది వాటి మీద పెట్టిన ఒక షరతు: శిక్షణలో తోసిన ప్రతి జెర్క్ నో లిఫ్టే, నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాయాలి. తోపుడు లేకుండా ఎంత బరువు వస్తే అంతే ఆ రోజు బరువు.

కొత్త పట్టుతో, డిప్‌లో ఆగుతూ ఆ లెక్కన మొదలుపెడితే తేలిన బరువు 76.

"తొంభై ఎత్తినదాన్ని సార్, డెబ్బై ఆరు చేయమంటే అందరూ నవ్వుతారు."

"తొంభై రిఫరీల ముందు ఎత్తలేదు కదమ్మా."

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత తనే ఫోను స్టాండుకు తగిలించుకుని, ప్రతి జెర్క్ అయ్యాక వెళ్లి పాదం తాకిన ఫ్రేమ్ ఆపి చూసుకోవడం మొదలుపెట్టింది. నా మాట కంటే ఆ ఫ్రేమ్‌ను ఎక్కువ నమ్మింది, మంచిదే. నేను ఆ దశలో కళ్లతో చూడటం తగ్గించి చెవులతో వినేవాణ్ని. సరైన జెర్క్‌లో ముందు పాదం చప్పుడూ, బార్ చివరల్లో ప్లేట్ల గలగలా కలిసే వినిపిస్తాయి. తోసిన జెర్క్‌లో పాదం ముందు, గలగల తర్వాత. బరువు నెమ్మదిగా పెరిగింది. సీజన్ మధ్యకు వచ్చేసరికి 86 శుభ్రంగా వచ్చింది.

పోటీలో

బరువు తూచేటప్పుడే ఎక్స్-రే, డాక్టర్ చీటీ తీసుకెళ్లి జ్యూరీకి, రిఫరీలకు చూపించాం. అమ్మాయి రెండు చేతులూ చాచి నిలబడింది. ఒక రిఫరీ గారు ఆమె మోచేయి పట్టుకుని చూసి తలూపారు. వేదిక మీదకు వచ్చిన ప్రతిసారీ బార్ పట్టుకునేముందు మధ్య రిఫరీ వైపు తిరిగి ఎడమ మోచేతిని వేలితో చూపించడం వార్మప్ గదిలోనే సాధన చేయించాను. నియమం తెలిసినా ఆ ఉద్వేగంలో మరిచిపోతారు, అందుకే అది కూడా లిఫ్ట్‌లో ఒక భాగంగానే నేర్పాలి.

80కి మూడు తెల్లవి. 84కి రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. ఈసారి ఎర్రది మధ్య కుర్చీది. వీడియో చూస్తే లేచి నిలబడేటప్పుడు కుడి మోచేయి కాస్త మెత్తబడి మళ్లీ బిగిసింది. అది కూడా తప్పే, ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. 87 బార్ తలకు ముందు పడిపోయింది. తోసి నిలబెట్టే ప్రయత్నం చేయకుండా వదిలేసింది. నాకు ఆ రోజు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ మూడోదే. ఒక ఏడాది క్రితమైతే దాన్ని తోసి నిలబెట్టి, మూడు ఎర్ర లైట్లు చూసి, ఏడుస్తూ దిగేది.

నేను మార్చుకున్న పద్ధతులు

కొత్తగా చేరే ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి వారంలోనే ప్లాస్టిక్ పైపు తల మీద పట్టించి రెండు పక్కల నుంచీ ఫోటో తీస్తున్నాను. చిన్నప్పుడు ఎముక విరిగిన సంగతి పిల్లల్ని అడిగితే లాభం లేదు, తల్లిని అడగాలి. పోటీ వీడియో తీసేటప్పుడు లైట్ల బోర్డు ఫ్రేమ్‌లో ఉండాలి. పాసైన లిఫ్ట్‌లోనూ ఎర్ర లైటు ఎవరిదో రాసుకోవాలి. ప్రెస్ అవుట్ కనిపిస్తే ప్రెస్ పెంచే ముందు, తక్కువ బరువులో కూడా అదే వస్తోందో లేదో చూడాలి. తక్కువ బరువులో కదలని వంపు ఉంటే డాక్టర్ దగ్గరకు, బరువు పెరిగాకే కదలిక వస్తుంటే డిప్ దగ్గరకు వెళ్లాలి. రెండూ ఉంటే రెండు పనులూ చేయాలి, కాకపోతే వరుస ముఖ్యం.

ఒక హెచ్చరిక కూడా. ఈ కేసు చదివి ప్రతి ప్రెస్ అవుట్‌కూ ఎక్స్-రే తీయించకండి. ఎక్కువ మంది పిల్లల్లో మోచేయి బాగానే ఉంటుంది, తొందరపడి కిందకు దూరడమే తప్పు. భుజాల బలం నిజంగానే చాలని పిల్లలూ ఉంటారు, వాళ్లకు ప్రెస్ పనిచేస్తుంది కూడా.

ప్రస్తుతం

ఆ తర్వాతి సీజన్‌లో పోటీలో 91 చేసింది, మూడు తెల్ల లైట్లతో. స్నాచ్‌లో పట్టు బాగా వెడల్పు కాబట్టి మోచేతి లోటు తక్కువగా కనిపిస్తుంది, కానీ ఎడమ భుజం కుడిదానికంటే త్వరగా అలసిపోతోంది. ఆరు నెలలకోసారి ఫిజియోథెరపిస్టు రెండు చేతులూ కొలుస్తున్నారు. ఎడమ భుజం వెనక కండరాలకు విడిగా పని పెట్టాం. దాని ఫలితం చెప్పడానికి ఇంకొక సీజన్ చూడాలి. చీటీ, ఎక్స్-రే మాత్రం ఆమె కిట్ బ్యాగులో బెల్టు, బూట్లతో పాటే ఉంటాయి. వేరే రాష్ట్రంలో పోటీ అంటే ఇంగ్లిష్ కాపీ, హిందీ కాపీ రెండూ పెట్టుకెళ్తుంది.